ఛీ సారు మెచ్చిన కాలేజీ

ఆ వీధిలో అతనికి ఛీ సారు అని పేరు. ముఖం మీద ఎవరూ అనరు, మలుపు తిరగగానే అంటారు. కొట్లకు బోర్డులు, సీసాలకు లేబుళ్ళు, ఆసుపత్రులకు 'నిశ్శబ్దం' అట్టలు ముద్రించే ఒక మెట్ల కింది దుకాణంలో అతను డిజైనరు. పనిలో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో అతను తేల్చుకున్నదేమిటంటే, లోకంలో ఒక్క అక్షరం కూడా ఉండవలసిన చోట లేదు. బస్సు వస్తే దాని నుదుటి మీద రాసింది చూసి ఛీ అంటాడు. ఎక్కుతాడు. సీట్లో కూర్చుని 'మెట్ల మీద నిలబడరాదు' అన్నది చూసి మళ్ళీ ఛీ అంటాడు. పక్కవాడు తననే అన్నాడనుకుని జరిగి కూర్చుంటాడు. ఆ విధంగా అతనికి సీటు ఎప్పుడూ విశాలంగానే దొరుకుతుంది.

ఒకసారి కళ్ళ డాక్టరు గోడ మీది అట్ట చూపించి, "ఆఖరి వరుస చదవండి" అన్నాడు.

"చదవడానికేముంది గానీ, ఆ మూడో అక్షరానికీ నాలుగో అక్షరానికీ మధ్య సందు ఎక్కువైంది, మీరు చూశారా?"

డాక్టరు అట్ట వైపు చూశాడు, ఇతని వైపు చూశాడు, తర్వాతి మనిషిని పిలిచాడు. ఈ సంగతి అతను గొప్పగా చెప్పుకుంటాడు. వినేవాళ్ళు ఎందుకు నవ్వుతారో ఇప్పటికీ అంతుపట్టలేదు.

భార్య పుట్టినరోజని హోటలుకు తీసుకెళ్ళి, మెనూ కార్డులో ఐదు రకాల అక్షరాలు ఉన్నాయని లేచి వచ్చేశాడు. భార్య లేవలేదు. నింపాదిగా తిని, ఐస్‌క్రీము కూడా తిని వచ్చింది. ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా తెరిచిన నోళ్ళే చూస్తుంది కనుక, ఇంట్లో ఒక నోరు మూతపడకపోయినా ఆమెకు పెద్ద పట్టింపు లేదు.

అలాంటి మనిషి దగ్గరకు ఒక సాయంత్రం అన్నయ్య కుటుంబం సలహా అడగడానికి వచ్చింది. అతని బతుకులో సలహా అడిగినవాళ్ళు తక్కువ, అడగకుండా విన్నవాళ్ళు ఎక్కువ. అందుకని చొక్కా మార్చుకుని మరీ కూర్చున్నాడు.

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. మాటలు పొదుపు. ఆ పొదుపంతా వదిన ఖర్చు చేస్తుంది. వదినకు బట్టల మరమ్మతు కొట్టు ఉంది. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగిసిన జాకెట్లు వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. కూతురిని ఇంట్లో పిచ్చుక అంటారు. బడి చదువు ముగించి ఏడాదిగా తల్లి కొట్లోనే గుండీలు కుడుతూ, బిల్లు కాయితాల వెనక బొమ్మలు వేస్తూ ఉంది. ఇప్పుడా పిల్ల డిజైన్ డిగ్రీ చదువుతానంటోంది. ఆన్‌లైన్‌లో, ఇంట్లోంచే, మూడేళ్ళు.

"రెండు కాలేజీలు చూశాం మరిదిగారూ," అంది వదిన, సంచిలోంచి రెండు బ్రోషర్లు తీసి. "దీనికి మూడేళ్ళకు ఆరు లక్షలు. దీనికి ఒకటిన్నర. నేను పక్క గది కూడా అద్దెకు తీసుకుని రెండో మిషను వేద్దామని దాచింది రెండు లక్షలుంది. ఖరీదైనదాంట్లో చేర్పిస్తే అది మొదటి ఏడాదికే ఊడ్చుకుపోతుంది, మిగతాది అప్పు. కట్టాక మనసు మారితే పైసా వెనక్కి ఇవ్వరట."

"నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదరా," అన్నాడు అన్నయ్య. "నువ్వేదంటే అదే."

అన్నయ్య ఏడాది మొత్తానికి ఆడే మాటల్లో అవి సగం. ఛీ సారు ఛాతీ కాస్త పొంగింది.

ముందు చవకది అందుకున్నాడు. ఎర్రటి నేల మీద పసుప్పచ్చ అక్షరాలు. కాలేజీ ముద్రను ఎవరో రెండు చెవులూ పట్టుకుని లాగినట్టు అడ్డంగా సాగదీశారు. భవనం ఫోటో ఒక పక్కకు ఒరిగి ఉంది, తుపానులో తీసినట్టు. లోపలి పేజీలో ఒక వాక్యం సగంలో తెగి, మిగతా సగం పేజీ నంబరు కింద తేలింది.

"ఛీ," అన్నాడు. "ఛీ ఛీ. వీళ్ళా డిజైన్ నేర్పేది? వీళ్ళకు ముందు ఎవరైనా స్కేలు పట్టుకోవడం నేర్పాలి. వదినా, దీన్ని మా ఇంట్లోకి ఎలా తెచ్చావసలు?"

"సంచిలో," అంది వదిన.

పిచ్చుక ఏదో చెప్పబోయింది. "బాబాయ్, వాళ్ళ దగ్గర చదివిన ముగ్గురితో నేను మాట్లాడాను, పాఠాలు..."

"పాఠాలు తర్వాతమ్మా. ముఖం చూస్తే తెలియట్లేదూ?"

రెండోది తీశాడు. తీసి, ఊరుకున్నాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ ఊరుకున్నాడు. వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్యకు కంగారు పుట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక అచ్చు కాయితం ముందు అతను అంతసేపు మౌనంగా ఉండడం ఆమె చూడలేదు.

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"ఇటు చూడు," అన్నాడు గొంతు తగ్గించి. "ఖాళీ ఎలా వదిలాడో చూడు. ఈ అక్షరం పక్కన ఈ అక్షరం ఎలా కూర్చుందో చూడు. వీళ్ళకు తెలుసే. వీళ్ళకు అక్షరం అంటే ఏమిటో తెలుసు."

మధ్య పేజీలో, తెల్లటి మైదానం లాంటి కాయితం నడుమ, అరచేయంత అంకె ఉంది. 88,000. కింద చిన్నగా 'మా పట్టభద్రుల తొలి నెల జీతం' అని.

ఛీ సారుకు ఆ దుకాణంలో నెలకు వచ్చేది ముప్పై ఒక్క వేలు. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్లలకు తనకు రెండింతలు దాటి ఎలా వస్తుందన్న అనుమానం ఎంత మందబుద్ధికైనా రావాలి. అతనికి రాలేదు. అంత పొందికగా అచ్చయిన అంకె అబద్ధమాడుతుందని అతను ఊహించలేకపోయాడు. ఇంకెవరైనా ఆ కాలేజీ గురించి నలుగురిని అడుగుతారు. అక్షరాల మధ్య సందులు చూసి కాలేజీని నమ్మగలిగిన మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే.

పాత బిల్లు వెనక లెక్క వేశాడు. "ఆరు లక్షలు భాగించు ఎనభై ఎనిమిది వేలు. ఏడు నెలలు. ఏడు నెలల్లో ఫీజు మొత్తం తిరిగొచ్చేస్తుంది వదినా!"

"ఆ ఏడు నెలలూ పిల్ల తినకుండా, బస్సెక్కకుండా, గాలి పీల్చుకుని బతకాలా?" అంది వదిన. "అయినా ఈ జీతం అందరికీ వస్తుందా, ఎవరో ఒకరికి వచ్చిందా?"

"సగటు అది."

"సగటని ఎక్కడ రాశారు?"

"వదినా, ఇది ప్యాంటు కాళ్ళు కత్తిరించడం కాదు. ఇందులో చూసే కన్ను వేరే ఉంటుంది."

వదిన బ్రోషర్ మడిచి సంచిలో పెట్టుకుంది.

"సరే, మీకెంతొస్తుంది మరిదిగారూ? మీకు ఇరవై ఏళ్ళ అనుభవం కదా, అది తెలిస్తే పిల్లకు ముందుముందు ఎంతొస్తుందో ఒక అందాజా దొరుకుతుంది."

ఛీ సారు నీళ్ళు నమిలాడు. "అది... అనుభవాన్ని బట్టి, సంస్థను బట్టి, రకరకాలుగా ఉంటుంది."

"మీ అనుభవం, మీ సంస్థే అడుగుతున్నా."

"బాగానే ఉంటుంది," అన్నాడు పైకప్పు చూస్తూ. అన్నయ్య ముందు అతనెప్పుడూ 'కంపెనీ' అనేవాడే గాని మెట్ల కింది కొట్టు అనలేదు. భార్యకు హఠాత్తుగా వంటగదిలో పని గుర్తొచ్చింది. లోపల నుంచి ఆమె దగ్గిందో నవ్విందో తెలియని చప్పుడొకటి వచ్చింది.

"రేపు కట్టేస్తాం, రేపే ఆఖరు," అన్నాడు అన్నయ్య లేస్తూ. పిచ్చుక చవక బ్రోషర్‌ను టేబుల్ మీంచి నెమ్మదిగా తీసుకుని మడవకుండా పట్టుకెళ్ళింది.

మర్నాడు దుకాణంలో అతని పొద్దు ఎప్పటిలాగే ఏవగింపుతో మొదలైంది. చేపలు అమ్మే ఆయన వచ్చి బోర్డు మీద చేప నవ్వుతూ ఉండాలన్నాడు.

"చచ్చిన చేప ఎందుకు నవ్వుతుందండీ?"

"నా కొట్లో చేపలు తాజా. తాజావి నవ్వుతాయి."

"ఛీ" పెదవుల దాకా వచ్చింది. యజమాని గల్లా దగ్గర నుంచి చూస్తున్నాడని మింగి, చేపకు పళ్ళు పెట్టి పంపించాడు. ఆ పళ్ళు తెర మీద చూస్తుంటే అతనికి తన బతుకు మీదే రోత పుట్టింది. నిన్నటి బ్రోషర్ కళ్ళ ముందు మెదిలింది. అలాంటి పని చేసేవాడు ఎక్కడో ఒక ప్రొఫెసరై, ఎత్తయిన గదిలో కూర్చుని ఉంటాడు. మాట్లాడితే అలాంటి మనిషితో మాట్లాడాలి. భోజనం వేళ కాలేజీకి ఫోన్ చేశాడు.

"నమస్తే సార్, ఏ కోర్సుకి సార్? సీట్లు అయిపోతున్నాయి సార్," అంది ఒక అమ్మాయి ఊపిరి తీసుకోకుండా.

"కోర్సు కాదమ్మా. మీ బ్రోషర్ చేసిందెవరు? మీ ప్రొఫెసరుగారా?"

"సార్?"

"బ్రోషరమ్మా. అచ్చు పుస్తకం. అభినందిద్దామని."

ఆ అమ్మాయి ఫోన్ ఎవరికో ఇచ్చింది, వాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. చివరికి ఒక విసుగు గొంతు వచ్చింది. "బయట చేయించామండీ. ఆయన నంబరే కదా మీకు కావలసింది, రాసుకోండి. నా దగ్గర సిద్ధంగానే ఉంటుంది. బిల్లు ఎప్పుడిస్తారని ఆయన రోజూ ఫోన్ చేస్తాడు."

రాసుకున్న నంబరుకు, కాలర్ సర్దుకుని మరీ, ఫోన్ చేశాడు.

"నమస్కారమండీ, ఆ బ్రోషర్ చేసింది తమరేనా? నేను కూడా అదే వృత్తిలో..."

"ఛీ సారూ!" అంది అవతలి గొంతు. "గొంతు గుర్తుపట్టేశాను. నేను కత్తెర!"

కత్తెర అంటే ఒకప్పుడు ఇదే దుకాణంలో, ఇతని పక్క కుర్చీలో, బోర్డులకు అంటించే అక్షరాలు కత్తిరించిన కుర్రాడు. ఇతని ఛీలన్నిటిలో సగం అతని మీదే ఖర్చయ్యాయి. "నీకు అక్షరం గురించి ఈ జన్మలో తెలియదు, వెళ్ళి ఏ మంగలి దుకాణంలోనో చేరు" అని అన్నది కూడా ఇతనే. ఆ మాట అన్న నెలకే కత్తెర వెళ్ళిపోయాడు.

"నువ్వా?" అన్నాడు ఛీ సారు. "నువ్వెలా చేశావురా?"

"చేత్తోనే. ఎందుకు, బాగుందా? నీ నోటితో చెప్పు. ఆగు, మా ఆవిడకు వినిపిస్తా, స్పీకరు పెడుతున్నా."

"...పరవాలేదు."

"ఆయన పరవాలేదన్నాడే!" అని అవతల ఎవరితోనో అరిచాడు కత్తెర. "ఇంక చాలు నాకు, బిల్లు రాకపోయినా పరవాలేదు. నిజంగానే వచ్చేట్టు లేదనుకో."

"ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఆ కాలేజీలోనే. వాళ్ళ ఆన్‌లైన్ డిగ్రీ నాది. అప్పు చేసి చదివా. చదువైతే చెడ్డదేం కాదులే, కొంచెం కన్ను తెరిపించారు. కానీ ఆరు లక్షల కన్ను కాదది. చదువు అయ్యాక ఆ డిగ్రీతో నాకు దొరికిన మొదటి పని ఏమిటో తెలుసా? ఈ బ్రోషరే."

"మరి ఆ ఎనభై ఎనిమిది వేలు?"

"ఏ ఎనభై ఎనిమిది? ఓ, అదా! నడిమి పేజీది!" కత్తెర పగలబడి నవ్వాడు. "జీతం అంకె ఎంత వేయాలని అడిగితే, తర్వాత పంపుతాం, ముందు పేజీ చూపించు అన్నారు. ఖాళీగా చూపిస్తే ఏం బాగుంటుంది? ముందు నాలుగు పెట్టా, కోణాలు పొడుచుకొచ్చాయి. ఏడు పెట్టా, కింద బోసిగా ఉంది. ఎనిమిదులు రెండు పెట్టేసరికి కూర్చుంది చూడూ, కుర్చీలో కూర్చున్నట్టు! ఆ తర్వాత వాళ్ళు అసలు అంకె పంపనూ లేదు, నేను మార్చనూ లేదు. అచ్చయిపోయింది."

"నీకెంతొస్తుందిరా ఇప్పుడు?"

"నువ్వు వెళ్ళగొట్టినప్పుడు నీకొచ్చినంత. అదీ వచ్చిన నెలలో."

ఫోన్ పెట్టేశాక చేప తెర మీద పళ్ళు బయటపెట్టి అతన్నే చూస్తూ ఉంది.

సరిగ్గా అప్పుడే భార్య నుంచి సందేశం. 'మీ వదిన మూడింటికి డబ్బు కట్టేస్తుందట. మీకు థాంక్స్ చెప్పమంది.'

ఇక్కడ ఛీ సారును కాస్త దగ్గరగా చూడాలి. అతను వెంటనే లేచి పరుగెత్తలేదు. నాలుగైదు అబద్ధాలు మనసులో పరిచి చూసుకున్నాడు, బోర్డుకు రంగులు చూసుకున్నట్టు. సీట్లు అయిపోయాయని చెబితే? వాళ్ళకే ఫోన్ చేసి కనుక్కుంటారు. పిల్ల జాతకానికి పడదంటే? జాతకాల మీద అతనికి నమ్మకం లేదు, వదినకు అంతకన్నా లేదు. నోరు మూసుకుని ఊరుకుంటే? మూడేళ్ళ దాకా ఎవరికీ తెలియదు. ఎనిమిదులు ఎందుకు వేశారో ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన దగ్గర కాసేపు ఆగాడు కూడా. అప్పుడు, తనను చూసి తనే ఛీ అనుకున్నాడో లేదో తెలియదు గాని, యజమానికి కడుపునొప్పని చెప్పి బయటపడ్డాడు. ఆ పూట అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

వదిన కొట్టు ఇరుకైన గది. ఒక మిషను, ఒక అద్దం, తాడు మీద వేలాడే పరాయివాళ్ళ ప్యాంట్లు. వదిన పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఒక కోటు చంకలు విప్పుతోంది. పిచ్చుక పక్కనే స్టూలు మీద ఫోనుతో కూర్చుంది.

"వదినా, కట్టేశారా?"

వదిన లేదన్నట్టు తలూపింది.

"కట్టకండి. ఆ కాలేజీ... అక్షరాలు మళ్ళీ చూశాను. అంత బాగోలేవు."

వదిన సూదులు ఒక్కొక్కటిగా తీసి దిండుకు గుచ్చింది. "రాత్రి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ మీకు. తెల్లారేసరికి అక్షరాలు పాడయ్యాయా? పాలా అవి?"

ఇంతలో పిచ్చుక చేతిలో ఫోన్ మోగింది. కాలేజీ అమ్మాయే. వదిన స్పీకరు పెట్టింది.

"మేడమ్, ఈ రోజు కడితే ఐదు శాతం తగ్గింపు మేడమ్!"

"అలాగే గానీ, ఎనభై ఎనిమిది వేలు ఎవరికొచ్చిందమ్మా? ఒక్క మనిషిని చెప్పు, ఫోన్ చేసి మాట్లాడతా."

"మేడమ్, అది సూచనాత్మకం మేడమ్."

"అంటే?"

"అంటే... సూచన మేడమ్."

"ఏమని సూచన?"

అవతల కాగితాల చప్పుడు. "ఎనభై ఎనిమిదని మేడమ్."

ఇక ఉండబట్టలేక ఛీ సారు ఫోన్ లాక్కుని కట్ చేశాడు. గోడకు ఆనుకుని మొత్తం చెప్పేశాడు. కత్తెర సంగతి, రాని బిల్లు సంగతి, కోణాలు పొడుచుకొచ్చిన నాలుగు సంగతి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్న రెండు ఎనిమిదుల సంగతి. వదిన వింటూ వింటూ కోటు ఒళ్ళో పెట్టేసింది.

"అంటే మీకు ఆ అంకె నచ్చింది," అంది నెమ్మదిగా, "అందంగా ఉందని. నా రెండు లక్షలూ, దాని మీద అప్పూ, అంకె అందంగా ఉందని."

"అవును వదినా."

"చూసే కన్ను వేరే ఉంటుందన్నారు."

"అన్నాను."

"ఆ కన్నేనా ఇది?"

వదిన మాటల్లో కోపం ఉంటే ఎలాగో తట్టుకునేవాడు. ఆమె అతన్ని చూసిన చూపు మాత్రం అతనికి బాగా తెలిసినది. ఇరవై ఏళ్ళుగా బోర్డుల వైపు అతను చూస్తున్న చూపే అది. ఎదుటి పక్క నుంచి చూడడం అదే మొదటిసారి.

"అయితే అసలు ఎంతొస్తుంది ఈ పనిలో? మీది చెప్పండి. ఈసారి పైకప్పు చూడకండి."

"ముప్పై ఒక్క వేలు."

"ఇరవై ఏళ్ళకా?" అంది వదిన.

"ఇరవై ఏళ్ళకి."

"ప్యాంటు కాళ్ళు కత్తిరిస్తే నాకు అంతకన్నా నాలుగు వేలు ఎక్కువే మిగులుతుంది మరిదిగారూ. మీరు మాట్లాడే తీరు చూసి, మీరు లక్షాధికారులనుకుని, మా ఆయన మీ దగ్గర చేబదులు అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాడు పోయిన ఏడు!"

"ఊరుకుని మంచి పని చేశాడు," అన్నాడు ఛీ సారు నిజాయితీగా.

ముందు పిచ్చుక నవ్వింది. తర్వాత వదినకు కూడా ఆగలేదు. నవ్వినంతసేపు నవ్వి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, కూతురి వైపు తిరిగింది.

"విన్నావుగా. ఇదీ నువ్వు చదువుతానన్న దాని సంపాదన. ఇంకా చదవాలనుందా?"

"ఉంది," అంది పిచ్చుక. "రాత్రి చెప్పబోతే బాబాయ్ వినలేదు. చవకదాంట్లో చదివిన ముగ్గురితో మాట్లాడాను. ఒకమ్మాయి పాఠాలు పంపింది. బొమ్మ పంపితే ఏది ఎందుకు తప్పో ఇంత పొడుగున రాసి పంపుతారమ్మా, అక్కడి మేష్టారు. ఉద్యోగం వచ్చింది ఇద్దరికేనట. ఒకరికి ఇరవై ఆరు, ఒకరికి ముప్పై. మూడో అబ్బాయి ఇంకా వెతుక్కుంటున్నాడు. అన్నీ అడిగాను. పొద్దున ఇక్కడ పని చేస్తా, రాత్రి చదువుకుంటా. పక్క గది నువ్వు వచ్చే ఏడాది తీసుకోవచ్చు."

వదిన ఒళ్ళోని కోటు పక్కన పెట్టింది. ఒకటిన్నర లక్ష, మూడేళ్ళకు విడదీసి, ముప్పై వేల జీతంతో, అన్నం తింటూ. లెక్క బిల్లు వెనక వేయలేదు, వేళ్ళ మీదే వేసుకుంది. "సరే, కట్టు," అంది.

పిచ్చుక చవక కాలేజీ వెబ్‌సైటు తెరిచింది. అది బ్రోషర్‌కు తోబుట్టువు. ఎర్రటి తెర మీద పసుప్పచ్చ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతున్నాయి, మధ్యలో ఒక బొత్తం ఆరుతూ వెలుగుతోంది. ఛీ సారు పక్కన నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పళ్ళు బిగబట్టి చూశాడు. ఒక్క మాట అనలేదు. మెడ నరాలు మాత్రం బయటికి వచ్చాయి.

ఒక చోట 'మీరు డిజైన్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?' అని అడిగింది తెర. పిచ్చుక కాస్త ఆలోచించి టైపు చేసింది.

"'మీ వెబ్‌సైటు చూశాక, ఎవరో ఒకరు నేర్చుకోవడం అవసరమనిపించింది.'"

"చెరిపెయ్యవే!" అన్నాడు ఛీ సారు గాభరాగా. "సీటివ్వరు!"

"నిజమే కదా బాబాయ్?"

"నిజమే. అందుకే చెరుపు."

పిచ్చుక చెరిపి, అందరూ రాసే మామూలు మాటేదో రాసింది. డబ్బు వెళ్ళింది. రసీదు వచ్చింది, అందులో పిల్ల పేరు కూడా ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని సరిచేయించడానికి ఎవరికి ఫోన్ చేయాలో బాబాయీ అమ్మాయీ తలలు దగ్గర పెట్టి వెతుకుతుంటే, వదిన సూదులు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుని, కోటు ఎత్తి పట్టుకుని, వాటి సందులోంచే అంది.

"మరిదిగారూ, కాస్త జరగండి. వెలుతురు ఆపేస్తున్నారు."